తాబేటికి ఒక అరుగు

(విజయవాడలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో ఆదివారం ఉదయం ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పాప ఒళ్లో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో రెండు వేళ్ల లోతు నీళ్లు, మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, చెట్టు కింద నిమ్మకాయంత పచ్చని తాబేలు. అమ్మా, డబ్బాను ఆ కిటికీ ఎండలో పెట్టకు, ఒళ్లోనే ఉంచుకో. నా మాటలు అయ్యాక మనిద్దరం దాని సంగతి చూద్దాం.

మా ఇంటికి కూడా తాబేలు సరిగ్గా అలాంటి డబ్బాలోనే వచ్చింది, 2007లో. మా అమ్మాయి అప్పుడు ఆరో తరగతి. అక్వేరియం దుకాణం ముందు నిలబడి కదలనంటే 150 రూపాయలు పెట్టి కొన్నాను. ‘ఎంత పెరుగుతుంది?’ అని అడిగాను. ‘తొట్టిని బట్టి పెరుగుతుందండీ, చిన్న తొట్టిలో చిన్నగానే ఉంటుంది’ అన్నాడు దుకాణదారు. ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాణ్ని, ఆ మాట నమ్మి ఇంటికి వచ్చాను. ఇప్పుడు దాని చిప్ప పొడవు 26 సెంటీమీటర్లు. మా ఇంట్లో పెద్ద పళ్లెంలో పట్టదు. పేరు బంగారం.

కళ్ల వెనక ఎర్రటి చార ఉండే ఈ తాబేటిని ఇంగ్లీషులో రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. దుకాణాల్లో మనకు దొరికేది దాదాపుగా ఇదే. దీని సొంత ఊరు అమెరికా దక్షిణ భాగం, మిసిసిపీ నది పరీవాహక ప్రాంతం, టెక్సాస్. మా అమ్మాయి ఇప్పుడు ఆ టెక్సాస్‌లోనే, డల్లాస్‌లో ఉంటోంది. అంటే బంగారం పుట్టింటికి నా కూతురు కాపురానికి వెళ్లింది, నా కూతురి పుట్టింట్లో బంగారం ఉంటోంది. (నవ్వులు)

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. శ్రీకూర్మం గుడిలో మీరు చూసే నక్షత్ర తాబేళ్లు నేల మీద బతికేవి. వాటిని లోతు నీళ్లలో వేస్తే మునిగిపోతాయి. పైగా నక్షత్ర తాబేటినీ, మన చెరువుల్లో దొరికే తాబేళ్లనూ పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకు పంపే నేరం. పొలం గట్టున దొరికిందని, వాస్తుకు మంచిదని ఎవరైనా ఇంటికి తెచ్చుకుని ఉంటే అటవీ శాఖకు అప్పగించండి. నేను మాట్లాడేది ఆ విదేశీ నీటి తాబేటి గురించి మాత్రమే.

కుక్కకు ఆకలేస్తే మొరుగుతుంది. చేపకు నీళ్లు పడకపోతే రెండు రోజుల్లో వెల్లకిలా తేలుతుంది, మనకు తెలిసిపోతుంది. తాబేలు అలా కాదు. మురికి నీళ్లలో ఉంచితే ఉంటుంది, ఎండ చూపించకపోతే ఉంటుంది, ఏది పడేస్తే అది తింటుంది. మనం ‘బాగానే ఉంది’ అనుకుంటాం. అది మెల్లగా, ఏళ్ల తరబడి చెడిపోతూ ఉంటుంది. బయటకు కనిపించే నాటికి సగం పని అయిపోయి ఉంటుంది. నా చేతుల్లో బంగారం కూడా దాదాపు అక్కడి దాకా వెళ్లి వచ్చింది. అందుకే ఈ వయసులో మైకు పట్టుకున్నాను.

నీళ్లతో మొదలుపెడతాను, అది నా సబ్జెక్టు కాబట్టి.

తాబేలు నీళ్లలోనే తింటుంది, ఆ నీళ్లలోనే విసర్జిస్తుంది. నీళ్లు లేకుండా ముద్ద మింగలేదు కూడా. దాని వ్యర్థంలో నుంచీ, మిగిలిన తిండి కుళ్లడం నుంచీ అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా కంటికి కనిపించదు. ట్యాంకు అద్దంలా తళతళలాడుతున్నా అందులో అమ్మోనియా ఉండవచ్చు. ఇది నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయని అమ్మోనియం అయాను, రెండోది కళ్లనూ చర్మాన్నీ మండించే అమ్మోనియా. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేవి రెండు: నీళ్ల పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాలను చెప్పే కొలత; ఇంకా నీళ్ల వేడి. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషపు రూపం దాదాపు పది రెట్లు అవుతుంది. క్షారగుణం ఉన్న బోరు నీళ్లు, పైన మే నెల ఎండ, రెండూ కలిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

దీనికి విరుగుడు ప్రకృతిలోనే ఉంది. నైట్రోసోమోనాస్ లాంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. నైట్రోస్పిరా లాంటివి దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు కొంతవరకు ఉన్నా ఫరవాలేదు, నీళ్లు మార్చినప్పుడు పోతుంది. ఈ బాక్టీరియా నీళ్లలో ఈదుతూ ఉండదు. ఫిల్టర్ స్పాంజిని, సిరామిక్ రింగులను పట్టుకుని జిగురుపొరలా ఉంటుంది. కొత్త ట్యాంకులో అది తగినంత పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా నీళ్లు తరచుగా, కొంచెం కొంచెంగా మార్చుకుంటూ ఉండాలి. ఎవరి దగ్గరైనా పాత ట్యాంకు ఉంటే అందులోని స్పాంజి ముక్క ఒకటి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టుకోండి. పెరుగుకు తోడు వేసినట్టే.

ఇదంతా క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినవాణ్ని నేను ఇంట్లో ఏం చేశానో చెబితే నవ్వుతారు. ఒక దీపావళికి ఇల్లంతా శుభ్రం చేస్తూ ఫిల్టర్ విప్పి, స్పాంజిని కొళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండాను. మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఎందుకు కలుపుతారు? బాక్టీరియాను చంపడానికే కదా. నాలుగో రోజుకు ట్యాంకు నీళ్లు కుడితిలా అయ్యాయి. బంగారం కళ్లు మూసుకుని మూలన కూర్చుంది. అప్పటి నుంచి స్పాంజిని ట్యాంకులోంచే ఒక బకెట్ నీళ్లు తీసుకుని, అందులో రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేస్తాను. గోధుమ రంగు పోకూడదు, పోతే తప్పు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మూతబిగించిన డబ్బా ఫిల్టర్లలో కరెంటు గంటల తరబడి పోతే లోపల ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చస్తుంది. కరెంటు రాగానే ఆ కుళ్లిన నీళ్లన్నీ ట్యాంకులోకి వస్తాయి. ఎక్కువసేపు కరెంటు పోయి వస్తే ముందు ఫిల్టర్ విప్పి ఆ నీళ్లు పారబోసి, అప్పుడు స్విచ్ వేయండి. ఇన్వర్టర్ ఉంటే టీవీకి బదులు ఫిల్టర్‌ను దాని మీద పెట్టండి.

ఫిల్టర్ అట్టపెట్టె మీద రాసి ఉండే లీటర్లు చేపల లెక్క. తాబేటికి అంతకు రెండు మూడింతల సామర్థ్యం ఉన్నది తీసుకోవాలి. వారానికి ఒకసారి పావు వంతు నుంచి మూడో వంతు నీళ్లు మార్చాలి. కొళాయి నీళ్లను మూత లేని బకెట్లలో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది. అంత ఓపిక లేకపోతే దుకాణంలో దొరికే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వాడండి.

ట్యాంకు ఎంత ఉండాలి? చిప్ప పొడవు అంగుళానికి దాదాపు 40 లీటర్ల నీళ్లు అన్నది పెంచేవాళ్ల మధ్య చాలాకాలంగా ఉన్న లెక్క. పది అంగుళాల ఆడ తాబేటికి 400 లీటర్లు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకులో పైన నాలుగు అంగుళాలు వదిలి నింపితే దాదాపు 375 లీటర్లు పడతాయి, ఆ లెక్కకు దగ్గరే. అంతకు తగ్గించవద్దు. లోతు గురించి భయపడకండి, ఆరోగ్యంగా ఉన్న నీటి తాబేలు మామూలుగా మునిగిపోదు. కనీసం చిప్ప పొడవుకు రెట్టింపు లోతు ఉంటే హాయిగా తిరుగుతుంది, బోర్లా పడినా నీళ్లలో తిరిగి సర్దుకుంటుంది. అయితే ఆ నీళ్ల బరువే 375 కిలోలు. అద్దం, స్టాండు, రాళ్లు కలిస్తే అర టన్నుకు దగ్గరపడుతుంది. బాల్కనీ అంచున పెట్టకండి. కింద దూలం ఉన్న గోడ వారగా పెట్టండి. మా ఫ్లాటులో మేస్త్రిని పిలిచి చూపించాకే పెట్టాను.

అడుగున రంగు రంగుల గులకరాళ్లు పోయడం ఒక సరదా. తాబేలు వాటిని మింగుతుంది, పేగులో అడ్డం పడతాయి. రాళ్లు కావాలంటే దాని తలకంటే పెద్దవి, కృష్ణ ఒడ్డున దొరికే నున్నటివి నాలుగు వేయండి. ఏమీ వేయకపోతే ఇంకా మంచిది, తుడవడం తేలిక.

ఇక ఎండ. నేను చేసిన పెద్ద తప్పు ఇందులోనే ఉంది.

మా అమ్మాయి డల్లాస్ నుంచి ఒక ఫోటో పంపింది. వాళ్ల ఇంటి దగ్గరి చెరువులో ఒక దుంగ నీళ్లలోకి ఒరిగి ఉంది. దాని మీద ఏడు తాబేళ్లు, ఒకదాని వీపు మీద ఒకటి కాళ్లు మోపి, మెడలు చాచి, వెనక కాళ్లు విసనకర్రల్లా విప్పుకుని కళ్లు మూసుకుని ఉన్నాయి. మా ఊళ్లో సాయంత్రం పూట అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషుల్లా ఉన్నాయి. తాబేటికి ఆ అరుగు అలంకారం కాదు. దాని ఒంట్లో సొంత వేడి పుట్టదు. తిన్నది అరగాలంటే వెచ్చదనం కావాలి. చిప్ప పూర్తిగా ఆరితేనే బూజు, కుళ్లు పట్టకుండా ఉంటుంది. అతినీలలోహిత కిరణాల్లో బి రకానివి ఒంటికి తగిలితేనే విటమిన్ డి3 తయారై, తిన్న కాల్షియం ఎముకకు, చిప్పకు చేరుతుంది.

నేను ఏం చేశానంటే, కిటికీ పక్కన ట్యాంకు పెట్టి ‘రోజూ ఎండ తగులుతోంది’ అని మురిసిపోయాను. కిటికీకి అద్దం ఉంది. ట్యాంకుకు అద్దం ఉంది. మామూలు అద్దం బి కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. వెలుతురు వస్తుంది, అసలు సరుకు రాదు. రెండేళ్లు గడిచాక ఒకరోజు దాన్ని పట్టుకుంటే చిప్ప అంచు బొటనవేలి కింద నొక్కుకుపోయింది. నానిన అట్టముక్కలా ఉంది. ఆ స్పర్శ ఇప్పటికీ నా వేలికి గుర్తుంది. పశువైద్యుడు చూసి, ఇంజెక్షన్లు ఇచ్చి, రోజూ బయటి ఎండ చూపించమన్నారు. చిప్ప గట్టిపడటానికి నెలలు పట్టింది. వెనక వైపు చిన్న వంకర ఇప్పటికీ ఉంది.

కాబట్టి అరుగు కట్టండి. దుకాణంలో దొరికే తేలే ప్లాస్టిక్ బల్లలు పిల్ల తాబేళ్లకే సరిపోతాయి, కిలోన్నర తాబేలు ఎక్కితే మునుగుతాయి. నేను ప్లంబింగ్ పైపు ముక్కలతో నాలుగు కాళ్ల బల్ల చేసి, మీద గట్టి ప్లాస్టిక్ జాలీ పరిచి, వైర్లు కట్టే ప్లాస్టిక్ టై పట్టీలతో బిగించాను. నీళ్లలోంచి ఎక్కడానికి వాలుగా ఒక జాలీ ముక్క. తాబేలు మొత్తం పొడిగా నిలబడాలి, పొట్ట తడుస్తూ ఉంటే అరుగు కట్టినట్టు కాదు. అరుగు చుట్టూ అడుగు ఎత్తున దడి కట్టండి. బంగారం ఒకసారి ట్యాంకు దూకి మంచం కింద దొరికింది, ఒళ్లంతా దుమ్ము, సాలెగూడు.

అరుగు మీద రెండు దీపాలు. ఒకటి వేడికి, మామూలు ఫిలమెంటు బల్బు చాలు. అరుగు మీద థర్మామీటరు పెట్టి చూస్తే 30 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. రెండోది సరీసృపాల కోసం అమ్మే, ఆ బి కిరణాలు ఇచ్చే యూవీబీ ట్యూబు. అది తాబేటి వీపుకు అడుగు దూరంలో, మధ్యలో అద్దం, ప్లాస్టిక్ లేకుండా ఉండాలి. ఏడాదికి ఒకసారి మార్చాలి. వెలుగు వస్తూనే ఉంటుంది గానీ కిరణాల బలం తగ్గిపోతుంది. బాల్కనీలో పొద్దున నేరుగా ఎండ వచ్చేవాళ్లు ట్యూబు ఖర్చు లేకుండానే గట్టెక్కవచ్చు. ఒక వెడల్పాటి తొట్టిలో కాసిన్ని నీళ్లు, ఒక ఇటుక, సగం మీద గోనెపట్టా నీడ. నీడ మాత్రం మరువకండి. పక్కన మనిషి ఉండాలి, కాకులూ పిల్లులూ ఉన్నాయి. గాజు ట్యాంకునే ఎండలో పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి, అరగంటలో నీళ్లు మరిగినంత పని అవుతుంది.

నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మన ఊరికి హీటర్ డిసెంబరు, జనవరిలో తప్ప అక్కర్లేదు. పెడితే దానికి ప్లాస్టిక్ తొడుగు వేయండి, తాబేలు గాజు గొట్టాన్ని ఢీకొట్టి పగలగొడుతుంది. మన అసలు బాధ మే నెల. ట్యాంకు పెద్దదైతే నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి. మిద్దె మీద సిమెంటు గోలెంలో పెంచేవాళ్లు పైన కప్పు వేయక తప్పదు.

తిండి గురించి త్వరగా చెబుతాను. దుకాణంవాడు ఇచ్చే ఎండబెట్టిన చిన్న రొయ్యలు జంతికల్లాంటివి, వాటితో కడుపు నింపకూడదు. తాబేళ్ల కోసం తయారుచేసిన గుళికలు, దాని తలకాయంత పరిమాణంలో, పిల్లలకు రోజూ, పెద్దవాటికి రోజు విడిచి రోజు. పెద్దయ్యేకొద్దీ ఆకులు పెరగాలి. క్యారెట్ తురుము, గుమ్మడి, లెట్యూస్, శుభ్రమైన నీళ్లలో పెరిగిన గుర్రపుడెక్క. పాలకూర అప్పుడప్పుడే, అందులోని ఆక్సలేటు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అన్నం, బ్రెడ్డు, పాలు వద్దు. విటమిన్ ఏ తగ్గితే కళ్లు ఉబ్బి మూసుకుపోతాయి. చాలామంది కంటి చుక్కలు వేస్తూ కూర్చుంటారు, రోగం తిండిలో ఉంటుంది. కాల్షియానికి మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అడగండి. అది ఒక సముద్రజీవి లోపలి ఎముక. వెనక ఉండే గట్టి పెంకు గీకేసి ముక్క నీళ్లలో వేస్తే అదే కొరుక్కుంటుంది. చిప్ప మీద కొబ్బరినూనె రాయమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. చిప్ప మీది పలకలు పల్చటి పొరల్లా ఊడితే అది పెరుగుదలే, మీరు గిల్లవద్దు.

2014 మార్చిలో బంగారం తిండి మానేసింది. పగలూ రాత్రీ వెనక కాళ్లతో ట్యాంకు అద్దాన్ని గీకేది. నేను అమ్మోనియా పరీక్ష చేశాను, పీహెచ్ చూశాను, నైట్రేటు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఒక నిమిషం చూసి, ‘గుడ్లకొచ్చిన పెట్టలా తిరుగుతోంది కదండీ’ అంది. మగ తాబేలు లేదే అన్నాను. ‘మగ కోడి లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదా?’ అంది. (నవ్వులు) ఎక్స్‌రే తీయిస్తే లోపల గుడ్లు వరసగా కనిపించాయి. పెట్టడానికి చోటు దొరకకపోతే అవి లోపలే ఆగిపోయి ప్రాణం మీదికి తెస్తాయని వైద్యుడు చెప్పారు. ఆడ తాబేలని అప్పటిదాకా నాకు తెలియదు. మగవాటికి ముందు కాళ్ల గోళ్లు పొడవుగా, తోక లావుగా ఉంటాయి, ఒళ్లు చిన్నది.

బాల్కనీలో ఒక పెద్ద తొట్టిలో అడుగు మందం మట్టి, ఇసుక కలిపి తడిపి పోసి, అందులో వదిలాం. చాలాసేపు ఊరికే తిరిగింది. తర్వాత ఒక మూల ఎంచుకుని, తన ఒంట్లోని నీటితోనే మట్టిని తడుపుకుంటూ, వెనక కాళ్లతో ఒక్కొక్క పాదంతో పిడికెడు మట్టి తీసి పక్కన పెట్టింది. వెనక్కి ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. చూడకుండానే కుండలాంటి గొయ్యి తవ్వింది. రెండు గంటలు పట్టింది. ఏడు గుడ్లు, తెల్లగా, కోలగా, తోలులా మెత్తగా. మళ్లీ అదే పాదాలతో మట్టి కప్పి పొట్టతో అదిమింది. మా ఆవిడ అంతసేపూ తలుపు చాటున ఊపిరి బిగపట్టి నిలబడింది. అప్పటి నుంచి ఏటా ఫిబ్రవరికల్లా ఆ తొట్టి సిద్ధం చేస్తాం. ఆడ తాబేటిని పెంచేవాళ్లకు ట్యాంకుతో పాటు ఆ మట్టి తొట్టి కూడా ఉండి తీరాలి.

చేతుల సంగతి. తాబేలు ఆరోగ్యంగా కనిపిస్తున్నా దాని ఒంటి మీద విరేచనాలూ జ్వరమూ తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోగలిగినంత బుల్లి తాబేళ్ల వల్లే జబ్బులు వస్తున్నాయని అమెరికా 1975లో నాలుగు అంగుళాల లోపు చిప్ప ఉన్నవాటి అమ్మకాన్నే నిషేధించింది. ట్యాంకు సామాను వంటింటి సింకులో కడగవద్దు. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో తాబేలు లేకపోవడమే మేలు.

పెంచలేకపోతే ఏం చేయాలని వాట్సాప్‌లో ఒకరు అడిగారు. ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో వదిలేస్తే పుణ్యం అనుకుంటాం. ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఇది ఉంది. ఐరోపా సమాఖ్య 1997లోనే దీని దిగుమతి ఆపేసింది. కేరళలో త్రిసూర్ దగ్గర కాలువలో ఇవి కనిపించాక అక్కడి అటవీ పరిశోధన సంస్థ, ఇళ్లలో ఉన్నవాటిని తమకు అప్పగించమని జనాన్ని కోరింది. ఇది గట్టిది, ఎక్కడైనా బతుకుతుంది. మన తాబేళ్ల తిండీ, ఎండ కాగే రాళ్లూ లాక్కుంటుంది. పెంచగలిగిన ఇంకో ఇల్లు దొరికేదాకా మీ దగ్గరే ఉంచండి. సరిగా చూస్తే ముప్పై ఏళ్లు బతికే జీవి. నేను అరవై దాటినవాణ్ని. మా తర్వాత బంగారం ఎవరి దగ్గర ఉండాలో మా తమ్ముడి కొడుకుతో మాట్లాడి పెట్టుకున్నాను.

పాపా, ఇప్పుడు ఆ డబ్బా ఇలా తీసుకురా. ఎవరి దగ్గరైనా స్కేలు ఉందా? నిలువుగా పెట్టు, తల లెక్కలోకి రాదు, చిప్ప మాత్రమే. ఐదు సెంటీమీటర్లు. అంటే రెండు అంగుళాలు, 80 లీటర్లు. మా స్టోర్‌రూములో మూడడుగుల పాత ట్యాంకు ఖాళీగా ఉంది, సాయంత్రం మీ నాన్నగారితో వచ్చి తీసుకెళ్లు, కొంతకాలం సరిపోతుంది. బంగారం ఫిల్టర్‌లోంచి ఒక స్పాంజి ముక్క కోసి ఇస్తాను, తోడుకు. ఆ కొబ్బరిచెట్టు నువ్వే ఉంచుకో, దానికి అక్కర్లేదు. చెయ్యి నీళ్లలో పెట్టావు కదా? బయట కొళాయి ఉంది, సబ్బు కూడా ఉంది.